పిల్లల పరిశోధనకు ప్రయాణపు ఖర్చు ఎవరిస్తారు? – సౌదీలోని తల్లిదండ్రుల కోసం ఫెలోషిప్పుల పరిచయం

సౌదీలో మనవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు పదకొండో తరగతికి వచ్చారంటే ఇక మాటలన్నీ సీటు చుట్టూనే తిరుగుతాయి. ఎన్.ఐ.టి.లో వస్తుందా, గల్ఫ్ కోటాలో వస్తుందా, లేకపోతే మేనేజ్‌మెంట్ కోటాకి ఎంత అడుగుతారు? సీటు దొరికి పిల్లని హాస్టల్లో దింపి వచ్చాక, తండ్రి బాధ్యత నాలుగేళ్ళ ఫీజు పంపడంతో తీరిపోయిందనుకుంటాం. అసలు అవకాశాలు మొదలయ్యేది ఆ తర్వాతే అన్న సంగతి చాలామందికి తెలియదు.

నేను దమ్మామ్ ప్రాంతంలో ఇంజనీరుగా ఇరవై ఏళ్ళకు పైగా పని చేస్తున్నాను. గత కొన్నేళ్ళుగా మన పిల్లల దరఖాస్తులు చదివి, దిద్ది, పంపించే పని ఒకటి నా మీద పడింది. ఇష్టంగానే చేస్తున్నాను. అందులో నాకు అర్థమైనది ఒక్కటే. మన పిల్లలు మార్కుల దగ్గర ఆగిపోవడం లేదు, ఫీజు దగ్గర కూడా పెద్దగా ఆగిపోవడం లేదు. ఒక మంచి పరిశోధనాలయానికి రెండు మూడు నెలలు వెళ్ళి రావడానికి కావలసిన టికెట్టు, వీసా, మొదటి నెల అద్దె దగ్గర ఆగిపోతున్నారు. ఆ డబ్బు ఇచ్చేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. మనకు కూతవేటు దూరంలోనూ ఉన్నారు. వాళ్ళ గురించే ఈ వ్యాసం.

ముందు మాటలు తేల్చుకుందాం

మనవాళ్ళు అన్నిటినీ కలిపి "స్కాలర్‌షిప్పు" అనేస్తారు. దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ తేడాలు తెలియాలి.

స్కాలర్‌షిప్పు: చదువు ఫీజు మొత్తమో కొంతో భరిస్తుంది. ఎక్కువగా మార్కుల మీద, కుటుంబ ఆదాయం మీద ఇస్తారు.

ఫెలోషిప్పు: ఫీజుతో పాటు బతకడానికి నెలనెలా కొంత డబ్బు, దాన్నే స్టైపెండు అంటారు, ఇస్తుంది. బదులుగా విద్యార్థి పరిశోధన చేయాలి.

అసిస్టెంట్‌షిప్పు: ప్రొఫెసరు దగ్గర పరిశోధనలోనో పాఠాలు చెప్పడంలోనో సాయం చేసినందుకు ఇచ్చే జీతం.

పరిశోధన ఇంటర్న్‌షిప్పు: డిగ్రీ మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు వేరే సంస్థలో పని చేసి రావడం. స్టైపెండు, వసతి ఇస్తారు. కొన్నిచోట్ల విమాన టికెట్టు కూడా ఇస్తారు.

ట్రావెల్ గ్రాంటు: సదస్సులో పేపరు చదవడానికో, ఫీల్డు పనికో వెళ్ళే ప్రయాణ ఖర్చు మాత్రమే ఇచ్చేది.

ఈ చివరి రెండూ మనవాళ్ళకు అతి తక్కువగా తెలిసినవి. డిగ్రీ పిల్లలకు అతి ఎక్కువగా పనికొచ్చేవీ అవే.

రంగూన్ డబ్బు, కాకినాడ ధర్మం, బోస్టన్ ప్రయాణం

ఈ సంప్రదాయం మనకు కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. ఆ ప్రయాణానికి ధైర్యం ఇచ్చినవి రెండు. ఒకటి, మామగారు కూడబెట్టి ఇచ్చిన డబ్బు. రెండోది, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని ఇచ్చిన మాట.

ఆ సత్యలింగ నాయకర్ ఎవరు? కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్ళి, అక్కడ రేవులో కాంట్రాక్టులు చేసి సంపాదించిన మనిషి. అంటే మనలాగే పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాడు. ఆయన సంపాదన ధర్మసంస్థగా మారి, తరువాతి తరానికి మరో సముద్రం దాటే ధైర్యమిచ్చింది. బోస్టన్ చేరాక కూడా సుబ్బారావు గారు ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ చదువుకున్నారు. తర్వాత సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టడం (1925), కండరాల శక్తికి సంబంధించిన ఏ.టి.పి. పరిశోధన, లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారు చేసిన మెథోట్రెక్సేట్, ఇవన్నీ అందరికీ తెలిసిన కథే. ఆ కథకు మొదటి వాక్యం మాత్రం ఓడ టికెట్టు ఖర్చు. దాన్ని మనం మరిచిపోతుంటాం.

పెరటి చెట్టు: థువల్‌లోని కౌస్ట్

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, పొట్టిగా కౌస్ట్, మనకు అలాంటి పెరటి చెట్టు. జెద్దాకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఎర్రసముద్రపు ఒడ్డున థువల్ అనే ఊరి దగ్గర ఉంది. 2009 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఇక్కడ బి.టెక్. ఉండదు. ఎం.ఎస్., పిహెచ్.డి. మాత్రమే. బోధన అంతా ఇంగ్లీషులోనే. సైన్సు, ఇంజనీరింగ్, కంప్యూటరు, జీవశాస్త్రం, సముద్ర, పర్యావరణ శాస్త్రాలు ప్రధాన రంగాలు.

దేశంలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదువుకున్న మొదటి విశ్వవిద్యాలయ ప్రాంగణం ఇదే. ఆడవాళ్ళ డ్రైవింగు మీద దేశమంతటా నిషేధం 2018 జూన్‌లో తొలగింది. ఈ ప్రాంగణం లోపల వాళ్ళు అంతకు ముందు నుంచే కారు నడుపుకునేవారు. "అమ్మాయిని సౌదీలో చదివించడమేమిటి" అని వెనకాడే తల్లిదండ్రుల కోసం ఈ సంగతి రాస్తున్నాను.

ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది కౌస్ట్ ఫెలోషిప్పు. ఎం.ఎస్., పిహెచ్.డి.లలో ప్రవేశం పొందినవారికి ఫీజు లేకుండా చదువు, ప్రాంగణంలో వసతి, వైద్య బీమా, అక్కడికి చేరడానికి సాయం, పైగా స్టైపెండు. స్టైపెండు అర్హతను బట్టి, చదువు దశను బట్టి ఏడాదికి 20,000 నుంచి 30,000 డాలర్ల మధ్య ఉంటుందని విశ్వవిద్యాలయం గతంలో ప్రకటించింది. డాలరుకు 3.75 రియాళ్ళ లెక్కన 75,000 నుంచి 1,12,500 రియాళ్ళు. మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఏడాదికి అంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

రెండోది డిగ్రీ చదువుతున్న పిల్లల కోసం. దాని పేరు విజిటింగ్ స్టూడెంట్ రీసెర్చ్ ప్రోగ్రామ్. బి.టెక్., బి.ఎస్సీ. మూడో ఏడాది, ఆపైన ఉన్నవాళ్ళు, ఎం.ఎస్. విద్యార్థులు ఏ దేశం నుంచైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మూడు నుంచి ఆరు నెలలు ఒక ప్రొఫెసరు దగ్గర నిజమైన పరిశోధన పని చేస్తారు. నెలకు సుమారు 1,000 డాలర్ల స్టైపెండు, ఉండడానికి గది, ఆరోగ్య బీమా, వీసా ఖర్చు, రానూపోనూ విమాన టికెట్టు ఈ కార్యక్రమం కింద ఇస్తూ వచ్చారు. మార్కులు 4కి 3.5 స్థాయిలో ఉండాలని అడుగుతారు. షరతులు అప్పుడప్పుడూ మారుతుంటాయి కనుక దరఖాస్తు పెట్టే నెలలో వెబ్‌సైటులో మరోసారి చదువుకోవాలి.

ఇక్కడ ముఖ్యమైన విషయం, దరఖాస్తు పెట్టేది సంస్థకే అయినా ఎంచుకునేది ప్రొఫెసరు. ఫలానా ప్రాజెక్టు, ఫలానా ప్రొఫెసరు అని పిల్లలే ముందు వెతుక్కోవాలి. దాని గురించి కింద రాశాను.

దహ్రాన్‌లో కింగ్ ఫహద్ విశ్వవిద్యాలయం

మా ఇంటికి దగ్గరలో ఉన్నది ఇది. 1963లో పెట్రోలియం, మినరల్స్ కాలేజీగా ఏర్పడి, 1975లో విశ్వవిద్యాలయమైంది. 1986లో కింగ్ ఫహద్ పేరు పెట్టారు. అరాంకో ప్రధాన కార్యాలయం పక్కనే ఉంటుంది. రోజూ ఆ గోడ పక్కనుంచి కారులో వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి లోపల విదేశీ విద్యార్థులకు ఎం.ఎస్., పిహెచ్.డి. ఫెలోషిప్పులు ఉన్నాయని తెలియదు.

పూర్తికాలం విద్యార్థిగా ఎంపికైన విదేశీయులకు ఫీజు మాఫీ, నెలవారీ స్టైపెండు, వసతి, వైద్యం, సొంత దేశానికి టికెట్టు వంటి సదుపాయాలు ఇవ్వడం ఈ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. చమురు, గ్యాసు, కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటరు, భూగర్భశాస్త్రం చదివే పిల్లలకు ఇది మంచి చోటు. చాలా దశాబ్దాలు మగపిల్లలకే పరిమితమైన ఈ సంస్థ 2021లో డిగ్రీ కోర్సుల్లో ఆడపిల్లలను చేర్చుకుంది. "అది అబ్బాయిల యూనివర్సిటీ కదా" అనేమాట ఇక పాతబడింది.

మిగిలిన సౌదీ విశ్వవిద్యాలయాలు

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీయులకు ఇచ్చే సీట్లు రెండు రకాలు. దేశం బయట ఉన్నవారికి ఇచ్చేవి "బయటి" గ్రాంట్లు. ఇకామా మీద ఇక్కడే ఉంటున్నవారికి ఇచ్చేవి "లోపలి" గ్రాంట్లు. మన పిల్లల విషయంలో ఏది వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. ఒకదాని కింద పెట్టవలసిన దరఖాస్తు మరొకదాని కింద పెడితే చదవకుండానే పక్కన పెట్టేస్తారు. చాలా కోర్సులు అరబిక్‌లో ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. విదేశీ విద్యార్థుల దరఖాస్తుల కోసం సౌదీ విద్యాశాఖ "స్టడీ ఇన్ సౌదీ" అనే ఉమ్మడి వేదిక పెట్టింది. వెతుకులాట అక్కడ మొదలుపెట్టడం సులువు.

ఇండియాలో చదువుతున్న మన పిల్లలకు

మనలో ఎక్కువమంది పిల్లలు పన్నెండో తరగతి ఇక్కడి ఇండియన్ స్కూల్లో పూర్తి చేసి ఇంటికి వెళ్ళి చదువుకుంటారు. వాళ్ళకు ఉన్నవి ఇవి.

ప్రవాసుల పిల్లల స్కాలర్‌షిప్పు: భారత ప్రభుత్వం 2006–07లో మొదలుపెట్టింది. ఇప్పుడు విదేశాంగ శాఖ కింద ఉంది. డిగ్రీ కోర్సు ఖర్చులో 75 శాతం లేదా ఏడాదికి 4,000 డాలర్లు, ఏది తక్కువైతే అది ఇస్తారు. సౌదీ వంటి దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు కొన్ని ప్రత్యేకంగా కేటాయించారు. ఆదాయ పరిమితి ఉంటుంది. ఇది ఫీజు కోసం, పరిశోధన కోసం కాదు. కానీ ఫీజు భారం తగ్గితే ప్రయాణానికి నాలుగు రూపాయలు మిగులుతాయి.

సైన్సు అకాడమీల వేసవి ఫెలోషిప్పు: బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ, ఢిల్లీ, అలహాబాదు అకాడమీలతో కలిసి నడుపుతున్నది. విద్యార్థిని రెండు నెలలు దేశంలోని ఒక శాస్త్రవేత్త దగ్గరకు పంపిస్తారు. స్టైపెండుతో పాటు రైలు ఖర్చు కూడా ఇస్తారు. జిల్లా కేంద్రంలోని మామూలు కాలేజీ పిల్లలకు కూడా తలుపు తెరిచి ఉంచేది ఇదే. నా సలహా అడిగిన ప్రతివారికీ మొదట దీని పేరే చెబుతాను.

ఇవి కాక బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, మద్రాసు, హైదరాబాదు ఐ.ఐ.టి.లు వేసవిలో బయటి కాలేజీల పిల్లలను తీసుకుంటూ ఉన్నాయి.

పి.జి. తర్వాత పరిశోధనకు వెళ్ళేవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్పు నెలకు 70,000 నుంచి 80,000 రూపాయలు, అదనంగా ఏడాదికి రెండు లక్షల పరిశోధన గ్రాంటుతో వచ్చింది. ఆ గ్రాంటులోంచే సదస్సులకు, ప్రయాణాలకు వాడుకునే వీలుంది.

ఇతర దేశాల విషయానికొస్తే, జెనీవా దగ్గరి సెర్న్‌లో వేసవి విద్యార్థుల కార్యక్రమం ఉంది. భారతదేశం 2017లో సెర్న్‌లో అసోసియేట్ సభ్యత్వం పొందింది. జపాన్‌లోని ఒకినావా సైన్సు సంస్థ కూడా వసతి, టికెట్టు ఇచ్చి డిగ్రీ విద్యార్థులను ఇంటర్న్‌షిప్పుకు తీసుకుంటూ వచ్చింది. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్.ఇ.యు. స్థానాలు మాత్రం ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినవి. మన పిల్లలు వాటి మీద సమయం పెట్టనక్కరలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

నాలుగో ఏడాది సెలవుల్లో నాకు ఫోను చేసేవాళ్ళే ఎక్కువ. అప్పటికి చేయగలిగేది తక్కువ. నేను చెప్పే క్రమం ఇది.

మొదటి ఏడాది: మార్కులు నిలబెట్టుకోవడం. కాలేజీలో కాస్త ప్రయోగాలు చేసే మాస్టారు ఎవరో కనిపెట్టి ఆయన ల్యాబులో చేరడం. రేపు సిఫారసు ఉత్తరం రాయవలసింది ఆయనే.

రెండో ఏడాది: అకాడమీల వేసవి ఫెలోషిప్పు దరఖాస్తు చలికాలంలోనే పడుతుంది, వేసవిలో కాదు. దసరా సెలవుల నుంచే కాగితాలు సర్దుకోవాలి.

మూడో ఏడాది: కౌస్ట్, ఇతర విదేశీ ఇంటర్న్‌షిప్పులు. వెళ్ళదలచిన తేదీకి ఆరు నెలల ముందు ప్రొఫెసర్లకు ఉత్తరాలు.

నాలుగో ఏడాది: పి.జి. ఫెలోషిప్పులు. ముందు మూడేళ్ళూ చేసిన పనే ఇప్పుడు మాట్లాడుతుంది.

ఉత్తరం ఎలా రాయాలి?

అడగందే అమ్మయినా పెట్టదు. కానీ అడిగే తీరు ఒకటుంటుంది. "రెస్పెక్టెడ్ సర్, మీ ఎస్టీమ్డ్ యూనివర్సిటీలో చేరడం నా చిన్ననాటి కల" అని రెండు వందల మందికి ఒకే ఉత్తరం పంపితే రెండు వందల చెత్తబుట్టలు నిండుతాయి, అంతే.

పది మందికి రాయండి, పదీ వేరువేరుగా రాయండి. ఆ ప్రొఫెసరు ఈమధ్య రాసిన ఒక పేపరు చదవండి. అందులో మీకు అర్థమైనది రెండు వాక్యాల్లో, మీకు వచ్చిన సందేహం ఒక వాక్యంలో, మీరు ఇదివరకు చేసిన పని రెండు వాక్యాల్లో, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా రాగలరో ఒక వాక్యంలో రాయండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చేయవచ్చు. తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లల పేరున మీరు రాయకండి. పెద్దల ఇంగ్లీషు ఇట్టే తెలిసిపోతుంది.

కాగితాలు

పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలి. మార్కుల లిస్టులు, కాలేజీ బోనఫైడ్, కాలేజీ నుంచి అభ్యంతరం లేదనే ఉత్తరం ముందే తెచ్చి పెట్టుకోవాలి. సౌదీ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, అది 2022 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇండియా 2005 నుంచే అందులో ఉంది. అందువల్ల సర్టిఫికెట్ల మీద ఎంబసీ ముద్రల తిప్పలు తగ్గాయి. అయినా చేరే సంస్థ ఏ ముద్ర అడుగుతుందో ఈ-మెయిలులో రాయించుకుని మరీ పని మొదలుపెట్టండి. తండ్రి ఇకామా మీద ఉన్న పిల్లలైతే ఆ ఇకామా, రీఎంట్రీ గడువుల సంగతి, దాని మీదే రావాలా, విద్యార్థి వీసా కావాలా అన్నది సంస్థ విద్యార్థి వ్యవహారాల విభాగాన్ని ముందే అడగాలి.

ఎవరూ చెప్పని చిక్కు

చాలా సంస్థలు టికెట్టు ఖర్చు ఇస్తాయి. కానీ ముందు ఇవ్వవు. మనం కొనుక్కుని వెళ్ళి, రసీదు ఇస్తే తర్వాత తిరిగి ఇస్తాయి. స్టైపెండు కూడా మొదటి నెల గడిచాకే చేతికొస్తుంది. ఆ రెండు నెలల మధ్య సందులోనే మన పిల్లలు జారిపోతున్నారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయికి మూడో ఏడాదిలో ఒక విదేశీ పరిశోధనాలయంలో మూడు నెలల పని దొరికింది. టికెట్టు తిరిగి ఇస్తారు, స్టైపెండు ఉంది. తండ్రి జుబైల్‌లో ఫోర్‌మన్. 2017 జూలైలో మొదలైన డిపెండెంట్ల రుసుము 2020 నాటికి మనిషికి నెలకు 400 రియాళ్ళయింది. ఇంట్లో ముగ్గురుంటే ఏడాదికి 14,400 రియాళ్ళు. అది కట్టుకుంటూ వచ్చిన మనిషి చేతిలో ఒక్కసారిగా టికెట్టు, వీసా, బీమా, మొదటి నెల అద్దె కలిపి లక్షన్నర రూపాయలు ఎక్కడివి? "వద్దులేమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడు అన్నది ఇంటర్న్‌షిప్పుల్లో ఉండదు. ఐదు కుటుంబాలవాళ్ళం తలా కొంత చేబదులు ఇచ్చాం. అమ్మాయి వెళ్ళింది. మూడున్నర నెలలకు ప్రతి రూపాయీ తిరిగి వచ్చింది. మాకు పోయింది ఏమీ లేదు. ఆ పిల్లకు దొరికింది మాత్రం ఒక ప్రొఫెసరు సిఫారసు, దాని మీద ఇప్పుడు పూర్తి ఫెలోషిప్పుతో పిహెచ్.డి.

మనం ఏం చేయవచ్చు?

అందుకని నా సూచన దానం కాదు, చేబదులు. వడ్డీ లేకుండా, సంస్థ నుంచి డబ్బు రాగానే తిరిగి ఇచ్చే పద్ధతిలో ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలకు సరిపడా నిధి ఒకటి ఉంటే చాలు. ఒకరు తిరిగి ఇచ్చింది మరొకరికి వెళుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. సౌదీలో అనుమతి లేకుండా బహిరంగంగా విరాళాలు వసూలు చేయడం నేరం. వాట్సప్ గ్రూపులో అకౌంటు నంబరు పెట్టడం లాంటివి ఎవరూ చేయవద్దు. దీనికి సరైన దారి ఇండియాలో రిజిస్టరైన ట్రస్టు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. విదేశీ పాస్‌పోర్టు తీసుకున్నవారి విషయం వేరు. ఒక ఆడిటరును అడిగి మొదలుపెడితే ఇది నెల రోజుల పని.

డబ్బు కన్నా ముందు ఇవ్వగలిగింది మరొకటుంది. కౌస్ట్‌లో, దహ్రాన్‌లో చదువుతున్న, పనిచేస్తున్న తెలుగువాళ్ళు ఏడాదికి ఒక శుక్రవారం మన పిల్లలతో గంటసేపు మాట్లాడితే, సగం భయాలు ఆ గంటలోనే పోతాయి.

మీ ఇంట్లో రెండో ఏడాది చదువుతున్న అబ్బాయో అమ్మాయో ఉంటే ఈ రాత్రి ఫోనులో "ఫీజు కట్టానమ్మా" అన్నాక ఒక్క ప్రశ్న అడగండి: "మీ కాలేజీలో ఏ మాస్టారి ల్యాబులో పని చేస్తున్నావు?" జవాబు లేకపోతే కోప్పడకండి. వెతకమని చెప్పండి. మిగతా దారి అక్కడి నుంచే మొదలవుతుంది.